చుక్కల మందు వేయకముందు

కంటి శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో శుక్లాలు, కళ్లద్దాల నంబర్ల గురించే ఎక్కువగా అడుగుతుంటారు. ఈసారి వాటిని పక్కన పెట్టి, చూపు తగ్గడానికి అంతగా వినబడని కారణాలున్న ఉత్తరాలను తీసుకున్నాం. వాటిలో రెండు మాటలు పదే పదే కనిపించాయి. ఒకటి, ‘నొప్పి లేదు కదా అని ఊరుకున్నాం’. రెండోది, ‘మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేశాం’. కంటి విషయంలో ఈ రెండూ చేసే నష్టం ఇంతా అంతా కాదు. ఉత్తరాలను కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న: యాసంగి వరికోతలప్పుడు మా ఆయన కంట్లో వడ్ల పొలుసు పడ్డది. ఊళ్లో నాలుకతో నలక తీసే ఆమె దగ్గర తీయించుకున్నడు. మర్నాడు కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కల మందు ఇచ్చిన్రు. రెండు రోజులు తగ్గింది, మళ్లీ ఎర్రబడ్డది. ఇప్పటికి పది రోజులాయె, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనబడుతున్నది. పువ్వు పడ్డదంటున్నరు. ఆకు పసరు పోస్తే పోతదా? – ఒక సోదరి, నర్సంపేట

జవాబు: పసరు ఒక్క చుక్క కూడా పోయొద్దు. ఇది చదివిన రోజే కార్నియా డాక్టరున్న దవాఖానకు బయల్దేరండి. మీకు దగ్గరలో వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. మీరు రాసిన వరుస చూస్తే అది పువ్వు కాదు, ఇంకా మానని పుండు. పువ్వు అనేది పుండు మానిన తర్వాత మిగిలే మచ్చ. పువ్వుకు తొందర లేదు, పుండుకు మాత్రం ఒక్కో రోజూ లెక్కే.

నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే పొర కార్నియా. నడిమధ్యన దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. వడ్ల పొలుసో, వరి ఆకు అంచో, పత్తికట్టో గీసుకుంటే పైపొర చిట్లుతుంది. ఆకుల మీద, మట్టిలో ఉండే బూజు ఆ చీలికలో దిగబడుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే రకాలు. బ్యాక్టీరియా పుండైతే ఒకటి రెండు రోజుల్లోనే విపరీతమైన నొప్పితో, చీముతో బయటపడుతుంది. బూజు పుండు మెల్లగా మొదలై వారం పది రోజులకు గానీ అసలు రూపం చూపదు. పుండు కనబడేంత తీవ్రంగా నొప్పి ఉండకపోవచ్చు. జనం ఆగిపోయేది అందుకే.

రెండు రోజులు ఎరుపు తగ్గి మళ్లీ వచ్చిందన్నారు. అనుమానమంతా అక్కడే. ఆ సీసా మీద సన్న అక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్... వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడ్. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో అమ్ముతారు కాబట్టి చాలామందికి తెలియదు. కంటి ఎరుపు అంటే ఒంటి రక్షణ దళం పని చేస్తోందని గుర్తు. స్టెరాయిడ్ ఆ రక్షణను అణచేస్తుంది. పైకి కన్ను తెల్లబడుతుంది, లోపల బూజు కింది పొరల్లోకి పాకుతుంది. ఆ సీసా వాడటం ఆపండి, పారేయకండి. డాక్టరుకు చూపించాలి.

దవాఖానలో మొదట స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద చూస్తారు. పుండు అంచులు ఈకల్లా చీలి ఉన్నాయా, పెద్ద మచ్చ పక్కన చిన్న మచ్చలున్నాయా, నల్లగుడ్డు అడుగున చీము పేరుకుందా అని వెతుకుతారు. తర్వాత మొద్దుబార్చే చుక్కలు వేసి పుండు నుంచి కాస్త గీకి తీస్తారు. చుక్కలు వేస్తారు కాబట్టి నొప్పి ఉండదు. గీకినదాన్ని గాజుపలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే బూజు పోగులు కొద్ది నిమిషాల్లోనే కనబడతాయి. ఈ పరీక్ష లేకుండానే మందులు మార్చి మార్చి రాస్తుంటే, ‘గీకి పరీక్ష చేస్తారా సార్?’ అని మీరే అడగండి. అడగడంలో తప్పేం లేదు.

బూజు అని తేలితే మొదటి మందు నాటామైసిన్ 5 శాతం చుక్కలు. తమిళనాడు, పుదుచ్చేరిల్లోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో వొరికొనజోల్ చుక్కల కన్నా ఇదే మేలని తేలింది, ముఖ్యంగా ఫ్యుజేరియం పుండ్లలో. ఇది పాలలా తెల్లగా ఉంటుంది, అడుగున పేరుకుంటుంది, కాబట్టి ప్రతిసారీ సీసాను బాగా ఊపాలి. మొదటి రోజుల్లో మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి వేయాలి. కంటి మూలల్లో తెల్లటి పొడి చేరితే అది మందే, చీమని కంగారుపడొద్దు. నెల నుంచి నెలన్నర పడుతుంది. చాలామంది చెడగొట్టుకునేది రెండో వారంలో. ఎరుపు తగ్గగానే పనికి పోతారు, గంటకో చుక్క పూటకో చుక్క అవుతుంది. ఈ మందు కార్నియా లోతుకు సులువుగా దిగదు, అన్నిసార్లు వేయమనేది అందుకే. మానాక మిగిలే పువ్వు కంటిపాపకు సరిగ్గా ఎదురుగా ఉంటే, కొన్ని నెలల తర్వాత కార్నియా మార్పిడి గురించి ఆలోచిస్తారు.

ఇక మీదట నలక పడితే నలపొద్దు. శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ రెప్పలాడించాలి. అయినా పోకపోతే దవాఖానే. నాలుకతో తీయించుకుంటే నోట్లోని సూక్ష్మజీవులను చీలిన కార్నియా మీద పూసినట్టే. చనుబాలు, ఆముదం, పసరు ఏవీ వద్దు. కంటికి గుడ్డ కట్టొద్దు. కోత మిషన్ వెనక నడిచేటప్పుడు, తూర్పారబట్టేటప్పుడు పక్కలు మూసి ఉన్న మామూలు ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకుంటే ఈ తిప్పలన్నీ తప్పుతాయి.

ప్రశ్న: ఆంజనేయస్వామికి జిల్లేడు పూల దండ కడదామని పూలు తెంపుతుంటే పాలు కంట్లో చిమ్మినయి. కొంచెం మంట పుట్టి పోయింది. తెల్లారేసరికి ఆ కంట్లో అంతా పొగమంచు, లైటు చుట్టూ రంగుల గుండ్రాలు. నొప్పి మాత్రం లేదు. నాలుగు రోజులు ఆగి చూడొచ్చా? – హనుమకొండ పాఠకురాలు

జవాబు: ఆగొద్దు. జిల్లేడు పాల దెబ్బ ఇలాగే ఉంటుంది, నొప్పి తక్కువ, మసక ఎక్కువ. కార్నియా లోపలివైపున ఒకే వరుసగా పేర్చినట్టు కణాలుంటాయి. లోపలికి ఊరే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడడం వాటి పని. జిల్లేడు పాలలోని విషపదార్థాలు పైపొరలను దాటి వెళ్లి ఈ కణాలనే దెబ్బతీస్తాయి. తోడే పని ఆగిపోగానే కార్నియా నీరు పట్టి ఉబ్బుతుంది. మీకు కనబడే పొగమంచు, రంగుల వలయాలు దానివల్లే.

తమాషా ఏమిటంటే, ముందు ఉత్తరంలో మేం ముట్టుకోవద్దన్న స్టెరాయిడ్ చుక్కలే ఇక్కడ మందు. డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూసి, కార్నియాపై పుండు లేదని నిర్ధారించుకుని వాటిని రాస్తారు. ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో మసక విడిపోతుంది. పైకి చూపు తిరిగొచ్చినా లోపల కొన్ని కణాలు శాశ్వతంగా పోయి ఉండొచ్చు. అవి మళ్లీ పుట్టవు. కాబట్టి రేపెప్పుడైనా శుక్లం ఆపరేషన్ చేయించుకుంటే ఈ సంగతి ఆ డాక్టరుకు తప్పక చెప్పండి, ముందే కణాల లెక్క చూసుకుంటారు. పాలు చిమ్మిన వెంటనే అయితే 15, 20 నిమిషాలు ఆపకుండా నీళ్లు పోసి కడగాలి. పూలు తెంపిన చేతిని కడుక్కోకుండా కన్ను నలిపినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: వయసు 38. నడుము నొప్పికి మా ఊరి ఆర్ఎంపీ దగ్గర అప్పుడప్పుడు ఇంజెక్షన్లు తీసుకుంట. నెల రోజుల సంది ఎడమ కంట్లో నడుమ గుండ్రటి బూడిదరంగు నీడ. ఆ కంటితో చూస్తే మనుషులు చిన్నగా, తలుపు అంచు వంకరగా కనబడుతున్నది. నొప్పి, ఎరుపు లేవు. – కరీంనగర్ జిల్లా

జవాబు: కంటి వెనక ఉండే రెటీనా పొర నడిమధ్య భాగం కింద నీరు చేరినట్టుంది. సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతీ అంటారు. 30 నుంచి 50 ఏళ్ల మగవాళ్లలో ఎక్కువ. నిద్రలేమి, ఒత్తిడి కూడా కారణాలే, కానీ అన్నిటికన్నా ముందు అడగాల్సింది స్టెరాయిడ్ గురించి. ఇంజెక్షనే కానక్కర్లేదు. బిళ్లలు, ఉబ్బసం పంపు, ముక్కు స్ప్రే, తెల్లబడటానికి పూసే క్రీము, పేరు లేని నొప్పుల పొడి, ఏ దారిలో వెళ్లినా కంటికి చేరుతుంది. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీస్తే నీరు స్పష్టంగా కనబడుతుంది. స్టెరాయిడ్ ఆగితే ఎక్కువమందికి మూడు నాలుగు నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది. ఇంకకపోతే లేజర్ రకం చికిత్సలున్నాయి. ఒక జాగ్రత్త. చాలాకాలంగా స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. ఫిజీషియన్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ప్రశ్న: మా బాబుకు 21 ఏండ్లు, బీటెక్ చదువుతున్నడు. దసరా ముందు కుడి కన్ను నడుమ మసక అన్నడు. రెండు నెలలకు ఎడమ కన్ను కూడా అట్లనే అయింది. ఎదురుగ ఉన్న మనిషి మొఖం గుర్తుపట్టలేడు, కానీ ఇంట్లో గడప తట్టుకోకుండ నడుస్తడు. మెదడు స్కాన్ నార్మల్. నరాల వాపని స్టెరాయిడ్ ఎక్కించిన్రు, గుణం లేదు. ఒక డాక్టరు ‘నటిస్తున్నాడేమో చూడండి’ అన్నడు. మా తమ్మునికి కూడా ఈ వయసులనే చూపు పోయింది. ఏం చేయాలె? – ఒక తల్లి, జమ్మికుంట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యమే అన్నిటికన్నా విలువైనది. మేనమామకు కూడా అదే వయసులో చూపు పోయిందంటే మొదట అనుమానించాల్సింది లెబర్ జబ్బును. పూర్తి పేరు లెబర్స్ హెరెడిటరీ ఆప్టిక్ న్యూరోపతీ. జర్మన్ నేత్రవైద్యుడు థియోడోర్ లెబర్ 1871లో దీన్ని వివరించాడు. ఇది నటన కాదు. చూపు మధ్య భాగం పోయి, పక్క చూపు మిగలడం దీని తీరు. అందుకే మీ అబ్బాయి పుస్తకం చదవలేడు, మొఖం పోల్చుకోలేడు, కానీ గడప దాటగలడు. తెలియనివాళ్లకు అది నటనలా కనబడుతుంది. పైగా ఈ జబ్బులో కంటిపాప వెలుతురుకు బాగానే ముడుచుకుంటుంది, తొలి రోజుల్లో కంటి నరం కూడా కొందరిలో మామూలుగానే కనిపిస్తుంది. డాక్టర్లు పొరబడే చోటు అదే.

కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలకు సొంత డీఎన్ఏ ఉంటుంది. అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, తండ్రి నుంచి రాదు. ఆ డీఎన్ఏలో 11778, 14484, 3460 అనే మూడు స్థానాల్లో ఏదో ఒకచోట వచ్చిన మార్పే ఈ జబ్బున్నవాళ్లలో అత్యధికులకు కారణం. మెదడుకు చూపును మోసే నరంలో, ముఖ్యంగా నడి చూపుకు సంబంధించిన సన్నని పోగులకు శక్తి చాలదు, అవి మూగబోతాయి. ఒక కన్ను పోయాక వారాల్లోనో, రెండు మూడు నెలల్లోనో రెండోదీ పోవడం మామూలు.

పరీక్ష తేలికే. మామూలుగా రక్తం తీసి జన్యు ల్యాబ్‌కు పంపుతారు. ‘లెబర్ మూడు మ్యుటేషన్ల పరీక్ష’ అని కంటి నరాల డాక్టరు (న్యూరో ఆఫ్తాల్మాలజిస్టు) రాసివ్వాలి. ఏ మార్పో తెలియడం ముఖ్యం, ఎందుకంటే 14484 అయితే కొంత చూపు తిరిగొచ్చే అవకాశం మిగతా రెండింటికన్నా ఎక్కువ. ఐడెబెనోన్ అనే మందుకు 2015లో యూరప్‌లో అనుమతి వచ్చింది. రోజుకు 900 మిల్లీగ్రాములు, మూడు పూటలుగా, నెలల తరబడి వాడాలి. కొందరికి కొన్ని వరుసల అక్షరాలు మెరుగవుతాయి, అందరికీ కాదు. ఖరీదు బాగానే ఉంటుంది. అప్పు తెచ్చే ముందు డాక్టరుతో తేల్చి మాట్లాడండి. స్టెరాయిడ్ ఇంకా ఎక్కించుకోవడం వల్ల ఫలితం లేదు.

సిగరెట్టు, మద్యం పూర్తిగా మానాలి. ఈ మాట మీ బాబుకే కాదు, అతని అన్నదమ్ములకు ఇంకా గట్టిగా చెప్పండి. వాళ్లలోనూ అదే మార్పు ఉంటుంది. ఉన్నంత మాత్రాన చూపు పోవాలని లేదు. చాలాకాలంగా చెప్పుకునే లెక్క మగవాళ్లలో సుమారు సగం మందికి, ఆడవాళ్లలో పదిమందిలో ఒకరికి జబ్బు బయటపడుతుందని. పొగ తాగేవాళ్లలో ముప్పు పెరుగుతుంది. రేపు ఎవరికైనా క్షయ (టీబీ) వస్తే, దానికి వాడే ఇథాంబుటాల్ మందు కంటి నరాన్ని దెబ్బతీయొచ్చు కాబట్టి, అది ఇచ్చేముందు ఈ చరిత్ర చెప్పాలి. మీ కొడుకుల ద్వారా వాళ్ల పిల్లలకు ఇది రాదు. మీ కూతుళ్ల పిల్లలకు రావచ్చు. పెళ్లి సంబంధాల దగ్గర ఈ తేడా తెలియక కొడుకుల పెళ్లి ఆపేసి కూతుళ్ల సంగతి మరిచిపోతుంటారు. మీ నుంచి వచ్చిందని కుమిలిపోవద్దు, ఎవరి చేతుల్లోనూ ఉన్నది కాదు.

చదువు ఆపొద్దు. కంటి ఆసుపత్రుల్లోని లో విజన్ (చూపు తక్కువ ఉన్నవాళ్ల) విభాగంలో పక్క చూపుతో చదవడం నేర్పుతారు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే తెర మీదున్నది చదివి వినిపిస్తుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) వస్తే పరీక్షలో రాసిపెట్టే మనిషి, అదనపు సమయం, ఉద్యోగాల్లో రిజర్వేషన్ దొరుకుతాయి.

ప్రశ్న: మా అమ్మకు టీబీ. బరువు 36 కిలోలు. మందులు మొదలుపెట్టి నాలుగు నెలలు. దగ్గు తగ్గింది, ఆకలి పెరిగింది. కానీ ‘రంగులు వెలిసినట్టున్నయి, సూదిలో దారం ఎక్కిస్తలేను’ అంటున్నది. ముసలితనమని వదిలెయ్యమంటున్నరు. – మహబూబాబాద్ జిల్లా

జవాబు: వదిలేయకండి. టీబీ మందుల్లో ఒకటైన ఇథాంబుటాల్ కొందరిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. రెండు కళ్లకూ, నొప్పి లేకుండా, సాధారణంగా రెండో నెల దాటాక. మొదట పోయేది ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా.

ఇంట్లోనే ఒక పని చేయండి. గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో ఆదివారాలు, సెలవుల అంకెలు ఎర్రగా ఉంటాయి. పగటి వెలుతురులో, చదివే అద్దాలు పెట్టించి, ఒక కన్ను అరచేత్తో మూయించి అడగండి. ఎరుపు ఎర్రగానే ఉందా, ఇటుక రంగులోనో గోధుమ రంగులోనో ఉందా? తిథి, నక్షత్రం రాసిన చిన్న అక్షరాలు చదవగలదా? తర్వాత రెండో కన్ను. వారానికోసారి ఇలా చూసుకుంటే టీబీ మందు వాడే ఎవరికైనా మార్పు త్వరగా తెలుస్తుంది.

బరువు మాట ఎందుకు ముఖ్యమంటే, ప్రభుత్వ టీబీ బిళ్లలు బరువు మెట్ల ప్రకారం ఇస్తారు. 35 నుంచి 49 కిలోల వరకు అందరికీ రోజుకు మూడు. ఒక్కో బిళ్లలో 275 మిల్లీగ్రాముల ఇథాంబుటాల్, అంటే మూడింట్లో 825. 49 కిలోల మనిషికి ఇది కిలోకు 17 మిల్లీగ్రాముల లోపు. 36 కిలోల మీ అమ్మకు దాదాపు 23. కిలోకు 15 దగ్గర నూటికి ఒకరికో ఇంకా తక్కువకో వచ్చే ఈ ఇబ్బంది, 25కు చేరితే నూటికి ఐదారుగురికి వస్తుందని వైద్య గ్రంథాల లెక్క. మందు మూత్రంలో పోతుంది కాబట్టి కిడ్నీలు బలహీనంగా ఉంటే ఒంట్లోనే పేరుకుంటుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

రేపు పొద్దున్నే టీబీ యూనిట్ మెడికల్ ఆఫీసరును కలవండి, అదే రోజు కంటి పరీక్ష, ఇషిహారా రంగుల పుస్తకం పరీక్ష చేయించండి. అన్ని మందులూ మీరే ఆపేయడం మాత్రం పెద్ద పొరపాటు, జబ్బు మొండిదవుతుంది. ఇథాంబుటాల్ ఒక్కటి తీసేసి మిగతావి ఎలా ఇవ్వాలో వాళ్లు చూస్తారు. బిళ్లలో అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి విడి మందులు తెప్పించాలి. తొందరగా పట్టుకుంటే చూపు వారాల్లో, నెలల్లో చాలావరకు తిరిగొస్తుంది. ఆలస్యమైతే హామీ లేదు. మొండి టీబీకి ఇచ్చే లినెజోలిడ్‌తోనూ ఇదే ముప్పు ఉంది.

ప్రశ్న: మా అవ్వకు 82 ఏండ్లు. నీటికాసులతో చూపు చాలా తగ్గింది. సాయంత్రమైతే ఎదురుగ పెద్ద పెద్ద పాగాల మనుషులు, చిన్న పిల్లలు వరుసగ కూర్చున్నరంటది. వాళ్లు మాట్లాడరంట. మిగతా అన్నిట్ల మంచిగనే ఉన్నది, పింఛన్ లెక్క రూపాయితో సహా చెప్తది. గాలి సోకిందని తాయెత్తు కట్టించమంటున్నరు. – జనగామ

జవాబు: తాయెత్తు అక్కర్లేదు, పిచ్చి డాక్టరూ అక్కర్లేదు. చూపు బాగా తగ్గినవాళ్లలో కొందరికి ఇది వస్తుంది, చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. 1760లో స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త బోనే, చూపు తగ్గిన తన తాతగారికి మనుషులు, పక్షులు, బండ్లు కనబడుతున్నాయని రాసిపెట్టాడు. ఆ తాత తెలివి మాత్రం చెక్కు చెదరలేదు. కంటి నుంచి బొమ్మలు రావడం తగ్గితే మెదడులోని చూపు భాగం ఖాళీగా కూర్చోదు, తనే బొమ్మలు అల్లుకుంటుంది.

మాటలు వినపడకపోవడం దీని గుర్తు. మొదటిసారి బెదిరినా, అవి నిజం కాదని చాలామంది గ్రహిస్తారు. పిచ్చిదంటారేమోనని నెలల తరబడి ఎవరికీ చెప్పనివాళ్లే ఎక్కువ. అవ్వ చెప్పింది, మీరు విన్నారు, సగం పని అయిపోయింది.

బొమ్మలు కనబడ్డప్పుడు లైటు వేయండి. తల కదపకుండా కళ్లను కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి పావు నిమిషం తిప్పమనండి. రెప్పలు గట్టిగా ఆర్పినా, లేచి చేయి చాపి ముట్టుకోబోయినా చాలాసార్లు మాయమవుతాయి. సాయంత్రం ఒంటరిగా, మసక చీకట్లో కూర్చోబెట్టకండి. నీటికాసుల వల్ల పోయిన చూపు రాదు గానీ, పక్కన మోతిబిందు (శుక్లం) కూడా ఉంటే తీయించండి, వెలుతురు పెరిగితే ఇవి తగ్గొచ్చు. నీటికాసుల చుక్కలు మాత్రం మానొద్దు.

ఆ మనుషులు మాట్లాడుతున్నారన్నా, అవ్వ లెక్కలు తప్పుతున్నా, చేతులు వణికి నడక మారినా, జ్వరం వచ్చి ఒక్కరోజులో అయోమయం మొదలైనా అది వేరే సంగతి. ఫిజీషియన్‌కో న్యూరాలజిస్టుకో చూపించాలి.

ప్రశ్న: మా ఏడేండ్ల పాపకు రేచీకటి. కార్జం తినిపిస్తే పోతదంటున్నరు. మాది మేనరికం. – ఏటూరునాగారం

జవాబు: రేచీకటి రెండు రకాలుగా వస్తుంది, మీ చివరి వాక్యం వల్ల రెండోదాన్ని కూడా ఆలోచించాలి. విటమిన్ ఎ లోపమైతే తెల్లగుడ్డు మీద, నల్లగుడ్డు పక్కగా, నురగలాంటి పొడి మచ్చ కనిపిస్తుంది. విరేచనాలు, తట్టు తర్వాత ఎక్కువగా వస్తుంది. 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ మొదటి రోజు, రెండో రోజు, రెండు వారాల తర్వాత మరోసారి ఇస్తే రాత్రి చూపు రోజుల్లోనే వస్తుంది. కార్జంలో విటమిన్ ఎ దండిగా ఉంటుంది, పెట్టండి, కానీ జబ్బు కనబడ్డాక అది మోతాదుకు సాటి రాదు.

మందు ఇచ్చినా తేడా లేకపోతే రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బు కావొచ్చు. మొదట చీకట్లో మంచాలు, బకెట్లు తట్టుకుంటారు, ఏళ్లు గడిచేకొద్దీ పక్క చూపు తగ్గి గొట్టంలోంచి చూసినట్టవుతుంది. మేనరికంలో ఇద్దరిలోనూ ఒకే లోపమున్న జన్యువు ఉండే అవకాశం పెరుగుతుంది. అలా ఉంటే ప్రతి కాన్పులోనూ నలుగురిలో ఒకరికి వచ్చే వీలుంది. రెటీనా పనితీరు చూసే ఈఆర్‌జీ పరీక్ష, జన్యు పరీక్ష చేయించండి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్స ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు దెబ్బతిన్నవాళ్లకే. నూరు శాతం నయం చేస్తామని ప్రకటనలిచ్చేవాళ్ల దగ్గర డబ్బు పోసుకోవద్దు.

ప్రశ్న: మొన్న వానల్లో మా పక్కింటి పిల్లవాడు పొద్దున్నే లేచి రెప్పలు ఎత్తలేకపోయిండు, ఒకటి రెండుగా కనబడుతున్నదన్నడు. కంటి దవాఖానకు తీసుకపోతుంటే దారిల ఊపిరి ఆడలేదు. పెద్ద దవాఖానలో కట్లపాము అన్నరు, బతికిండు. ఒంటి మీద గాటే లేదు. రెప్పలకూ పాముకూ ఏం సంబంధం? – భూపాలపల్లి

జవాబు: కట్లపాము విషం నరం నుంచి కండరానికి అందే ఆదేశాన్ని ఆపేస్తుంది. మొదట చేతులెత్తేసేవి రెప్పలు, కంటి కండరాలు. తర్వాత గొంతు, చివరికి ఊపిరి కండరాలు. కోరలు సన్నగా ఉంటాయి, నిద్రలో కుడితే తెలియదు, గాటూ వాపూ కనబడకపోవచ్చు. కడుపునొప్పితో లేచేవాళ్లూ ఉన్నారు. వానకాలంలో నేల మీద పడుకున్న మనిషికి పొద్దున్నే రెండు రెప్పలూ వాలితే, పామును చూసినా చూడకున్నా, 108కు ఫోన్ చేసి వెంటిలేటరు, పాము విషానికి విరుగుడు ఉన్న దవాఖానకే పోవాలి. దారిలో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తాగడానికి ఏమీ పోయొద్దు, గొంతు పడిపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మంచం మీద, పరుపు కిందికి దోపిన దోమతెరలో పడుకోవడమే మంచి కాపుదల.

వారాల తరబడి సాయంత్రాలు మాత్రమే రెప్పలు వాలుతుంటే అది మయస్థీనియా అనే వేరే జబ్బు, దానికి న్యూరాలజిస్టు ఉన్నారు.

ప్రశ్న: తాత తమలపాకు సున్నం ప్యాకెట్ పిల్లలు నొక్కి ఆడుతరు. కంట్లో పడితే ఏం చేయాలె? – పరకాల

జవాబు: సున్నం క్షారం, కంటి పొరలను కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. దవాఖానకు పరుగెత్తే ముందే నీళ్లు పోయాలి. బిడ్డను ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు దెబ్బతగిలిన కన్ను కిందికి వచ్చేలా తల వాల్చి, రెప్పలు విడదీసి, ముక్కువైపు నుంచి చెవివైపుకు ధార పోయాలి. అప్పుడు రెండో కంట్లోకి పోదు. అరగంట పాటు, ఏడ్చినా ఆపొద్దు. బిందె నీళ్లయినా, కుళాయి నీళ్లయినా సరే, మరిగించి చల్లార్చే తీరిక లేదు. సున్నం ముద్ద రెప్ప సందుల్లో అతుక్కుంటుంది, తడిపిన దూది పుల్లతో కింది రెప్ప మూలలు తుడవండి. పై రెప్ప తిరగేయడం మీకు రాకపోతే దవాఖానలో మొదట అదే చేయమనండి, ఎక్కువసార్లు మిగిలిపోయిన ముక్క అక్కడే ఉంటుంది. నిమ్మరసంతో విరుగుడు చేయాలని చూడొద్దు, నెయ్యి పోయొద్దు. దవాఖానలో పీహెచ్ కాగితం పెట్టి చూసి, 7 దగ్గరికి వచ్చేదాకా మళ్లీ కడుగుతారు. కన్ను ఎర్రగా కాకుండా నల్లగుడ్డు చుట్టూ పాలిపోయినట్టు తెల్లగా ఉంటే దెబ్బ లోతైనదని అర్థం, అదే రోజు కార్నియా డాక్టరు చూడాలి. తాతకు మూత గట్టిగా బిగిసే డబ్బీ ఒకటి కొనిచ్చి, ప్యాకెట్లు ఇంట్లోకి రానివ్వకండి.